నీళ్లెక్కడి నుంచి వస్తున్నాయి?

1968 జూన్ 14న ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ రేవు నుంచి 32 అడుగుల చెక్క పడవ ఒకటి తెరచాపలెత్తి బయల్దేరింది. దాని పేరు సుహైలీ. అందులో ఉన్నది ఒక్కరే, 29 ఏళ్ల రాబిన్ నాక్స్-జాన్‌స్టన్. ఎక్కడా ఆగకుండా, ఎవరి సాయమూ తీసుకోకుండా ఒంటరిగా భూగోళాన్ని చుట్టి రావాలన్నది ఆ పందెం. అంతవరకు ఆ పని చేసినవాళ్లు లేరు. కేప్ వెర్డే దీవులు దాటి దక్షిణానికి పోతున్నప్పుడు పడవలో నీళ్లు ఊరడం ఎక్కువైంది. రోజుకు రెండుసార్లు పంపు కొట్టి తోడాల్సి వస్తోంది. ముందున్నదేమో దక్షిణ మహాసముద్రం. అక్కడి అలల దెబ్బకు ఈ కారుడు పెరుగుతుందే తప్ప తగ్గదు.

గాలి పడిపోయిన సమయం చూసుకుని ఆయన నీళ్లలోకి దూకి పడవ అడుగు వెతికాడు. మాస్ట్‌కు, అంటే తెరచాపల స్తంభానికి, సరిగ్గా కింద ఓ సందు కనిపించింది. కీల్ అనే అడుగు దూలాన్ని పలకలు కలిసే చోట దాదాపు ఎనిమిది అడుగుల పొడవున అది నోరు తెరుచుకుని ఉంది. అవతలి వైపూ అంతే. పడవ ఊగినప్పుడల్లా ఆ సందు తెరుచుకుంటోంది, మళ్లీ మూసుకుంటోంది.

ఒడ్డు మీదైతే దీనికి తెలిసిన వైద్యమే ఉంది. సందులో దూది పురి కూరి, ఉలిలాంటి పనిముట్టుతో గట్టిగా కొట్టి, పైన లప్పం మెత్తుతారు. ఆయన ఆ పని నడిసముద్రంలో, నీటి అడుగున, ఊపిరి బిగపట్టినంతసేపే చేయాలి. తెల్లటి ఒళ్లు సొరచేపల కంట పడకుండా ముదురు రంగు బట్టలు వేసుకుని దిగాడు. కూరిన దూది కూరినట్టే ఊడి వచ్చేసింది. చివరికి దూదిని సన్నటి కాన్వాసు పట్టీకి కుట్టి, తారు పట్టించి, రాగి మేకులతో సందు మీద బిగించాడు. దాని మీద రాగి రేకు కొట్టాడు. మధ్యలో సొరచేప రానే వచ్చింది. పైకెక్కి తుపాకీతో దాన్ని కాల్చి, కాసేపు ఆగి, మళ్లీ దిగాడు. తర్వాత రెండో వైపూ అలాగే పూర్తి చేశాడు.

1969 ఏప్రిల్ 22న సుహైలీ ఫాల్మత్ చేరింది. 312 రోజుల ప్రయాణం. పోటీకి బయల్దేరిన తొమ్మిది మందిలో గమ్యం చేరింది ఆయనొక్కడే.

తెరచాప పడవల్లో దూరప్రయాణాలు చేసేవాళ్లు ఈ కథను సాహసగాథగా చెప్పుకుంటారు. పాత పడవను సొంతంగా బాగుచేసుకునేవాళ్లకు మాత్రం ఇందులో వేరే సంగతి కనిపిస్తుంది. నీళ్లు వస్తున్నాయని తెలియడం తేలిక. ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపెట్టడమే అసలు పని. పాత పడవ మరమ్మతులో సగానికి పైగా ఆ వెతుకులాటే. పడవ అడుగున చేరే నీళ్లు ఒక్కటే కాదు, డెక్ పొరల్లోకి దిగే నీళ్లు, ఉక్కు పట్టీల వెనక నిలిచే నీళ్లు, డీజిల్ ట్యాంకులో కలిసే నీళ్లు, ఇలా ప్రతిదానికీ ఓ దారి ఉంటుంది.

బొంబాయి టేకు

సుహైలీ పుట్టింది మన దేశంలోనే. నాక్స్-జాన్‌స్టన్ అప్పట్లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడల్లో అధికారి. బొంబాయిలోని కొలాబాలో టేకు కలపతో ఈ పడవను కట్టించుకున్నాడు. నార్వేలో కాలిన్ ఆర్చర్ రూపొందించిన ప్రాణరక్షక పడవల నమూనా దీనికి మూలం. వడ్రంగులు బాడిశలు, తాడుతో తిప్పే బరమాల వంటి చేతి పనిముట్లతోనే దాన్ని తీర్చారు. 1964లో కొబ్బరికాయ కొట్టి నీళ్లలోకి దింపారు. అరబ్ నావికులు ఆగ్నేయ గాలికి పెట్టుకున్న పేరే పడవ పేరయింది.

చెక్క పడవ తీరు వేరు. నీళ్లలో ఉన్నంతకాలం పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి. ఆ ఒత్తిడికే సందులు బిగిసిపోతాయి. ఒడ్డున ఎక్కువ కాలం ఎండితే పలకలు కుంచించుకుని, సందుల్లోని దూది వదులవుతుంది. అందుకే చాలాకాలం ఒడ్డున ఉన్న చెక్క పడవను నీళ్లలోకి దింపినప్పుడు మొదటి ఒకట్రెండు రోజులు కారడం మామూలే. పంపులు సిద్ధంగా పెట్టుకుని, చెక్క మళ్లీ ఉబ్బేదాకా యజమాని నిద్ర మానుకుని కాపలా ఉంటాడు.

సుహైలీకి ఈ సంగతి అనుభవంలోకి వచ్చింది సముద్రంలో కాదు, మ్యూజియంలో. లండన్ గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం దాన్ని గౌరవంగా ప్రదర్శనకు పెట్టింది. వస్తువులు పాడవకుండా తేమను అదుపులో ఉంచే గది అది. ఆ పొడి గాలికి టేకు పలకలు కుంచించుకోసాగాయి. కేప్ హార్న్ అలలకు తట్టుకున్న పడవ ఏసీ గదిలో చిక్కిపోతుంటే చూడలేక, 2002లో నాక్స్-జాన్‌స్టన్ దాన్ని బయటికి తెచ్చుకున్నాడు. తర్వాతి ఏళ్లలో తుప్పు తిన్న ఇనుప బోల్టుల స్థానంలో కంచువి బిగించడం లాంటి పనులు చాలావరకు తన చేతులతోనే చేశాడు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. పందెం మొదలై యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 2018 జూన్ 14న ఫాల్మత్ తీరంలో జరిగిన పడవల ఊరేగింపులో సుహైలీ కూడా ఉంది.

చెక్కను కుళ్లబెట్టేది సముద్రపు నీళ్ల కన్నా వాన నీళ్లే. కుళ్లు పుట్టించే బూజుకు ఉప్పు గిట్టదు. డెక్ మీద పడిన వాన ఏ మూల నుంచో లోపలికి జారి, గాలి ఆడని చోట నిలిస్తే అక్కడ పని మొదలవుతుంది. పాతకాలం ఓడలు కట్టేవాళ్లు పలకల మధ్య ఖాళీల్లో ఉప్పు దట్టించేవాళ్లంటే కారణం ఇదే.

పాత పడవను బాగుచేసి లోకం చుట్టిన వాళ్లలో మొదట చెప్పుకోవాల్సింది జాషువా స్లోకమ్ గురించి. అమెరికాలోని మసాచుసెట్స్‌లో, ఫెయిర్‌హేవెన్ అనే ఊళ్లో పొలంలో పడి ఉన్న స్ప్రే అనే ముసలి పడవను ఓ తిమింగలాల వేట కెప్టెన్ ఆయనకు ఉత్తినే ఇచ్చాడు. స్లోకమ్ దాన్ని 13 నెలల్లో దాదాపు పూర్తిగా కొత్త కలపతో తిరిగి కట్టాడు. సామాన్లకు అయిన ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లని లెక్క కూడా రాసి పెట్టాడు. 1895 ఏప్రిల్‌లో బోస్టన్‌లో బయల్దేరి, 1898 జూన్‌లో తిరిగొచ్చాడు. ఒంటరిగా భూమిని చుట్టిన మొదటి మనిషి ఆయనే.

ఫైబర్ కాలం

ఇప్పుడు పాత తెరచాప పడవ కొందామనుకునే సామాన్యుడికి దొరికేది చాలావరకు ఫైబర్‌గ్లాస్ పడవే. 1959లో న్యూయార్క్ పడవల ప్రదర్శనలో పియర్సన్ కజిన్లు ట్రైటన్ అనే 28 అడుగుల పడవను పెట్టారు. కుటుంబంతో నాలుగు రోజులు గడిపే వీలున్న పడవను అచ్చులో పోసి వరసగా తయారుచేయొచ్చని అది నిరూపించింది. 1960లు, 70లలో అమెరికాలో, యూరప్‌లో అలాంటి పడవలు వేలల్లో వచ్చాయి. ఆ రోజుల్లో ఈ కొత్త సరుకు బలం మీద ఎవరికీ పూర్తి నమ్మకం లేదు. అనుమానం కొద్దీ మందంగా పొరలు వేశారు. ఆ పడవల్లో చాలా ఇప్పటికీ తిరుగుతున్నాయి.

మన తీరానికి కూడా ఈ సరుకు కొత్త కాదు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మత్స్యకారుల చేతుల్లో చెక్క తెప్పలు తగ్గి ఫైబర్ బోట్లు పెరిగి దశాబ్దాలవుతోంది. ఇసుకలో లాగి లాగి అడుగు అరిగినా, రాయి తగిలి పగిలినా, ఆ భాగాన్ని గరుకుగా గీకి, గాజు పీచు మ్యాట్ పరిచి, రెసిన్ పూసి అతుకు వేస్తారు. యాట్ మరమ్మతు సూత్రమూ అదే. పగులు ఉన్న చోటే కాకుండా దాని చుట్టూ వెడల్పుగా, వాలుగా అరగదీసి, పెద్ద పట్టీ నుంచి చిన్న పట్టీ దాకా పొర మీద పొర వేసుకుంటూ పోవాలి. అతుకు పట్టు వాలు ఎంత పొడవుగా ఉందన్న దాని మీద ఆధారపడుతుంది.

ఫైబర్ కుళ్లదు, తుప్పు పట్టదు అని మొదట్లో అమ్మేవాళ్లు చెప్పుకున్నారు. ఆ రెండూ నిజమే. కానీ ఏళ్ల తరబడి నీళ్లలో ఉన్న పడవ అడుగున బొబ్బలు వస్తాయని ఎవరూ ఊహించలేదు. బయటి నునుపు పూత నుంచి నీటి అణువులు కొద్దికొద్దిగా లోపలికి దూరతాయి. లోపల సరిగా గట్టిపడని రెసిన్ అవశేషాలు ఆ నీళ్లలో కరిగి చిక్కటి ద్రవంగా మారతాయి. ఆ చిక్కదనం బయటి నీళ్లను మరింత లాగుతుంది. ఒత్తిడి పెరిగి పూత ఉబ్బుతుంది. దీన్నే ఆస్మాసిస్ అంటారు. బొబ్బను గుచ్చితే వెనిగర్ వాసనతో పులిసిన ద్రవం చిమ్ముతుంది.

ఇది కళ్లకు భయపెట్టినంతగా ప్రాణాల మీదికి తెచ్చే జబ్బు కాదు. నాలుగైదు బొబ్బలుంటే ఒక్కొక్కటీ తవ్వి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఎపాక్సీ అనే గట్టి రెసిన్ నింపితే సరిపోతుంది. అడుగంతా పాకితే మాత్రం పూతను పొరగా చెక్కేసి, పడవను నెలల తరబడి ఆరబెట్టి, తేమ మీటరు ఒప్పుకున్నాకే ఎపాక్సీ పూతలు వేయాలి. తొందరపడి తడి మీదే పూస్తే ఒకట్రెండేళ్లలో బొబ్బలు తిరిగొస్తాయి. డబ్బంతా పోయేది ఆ తొందరలోనే.

తడిసిన డెక్

బొబ్బల కన్నా మోసకారి జబ్బు డెక్‌లో ఉంటుంది. డెక్ తేలిగ్గా ఉండాలి, కాలు వేస్తే వంగకూడదు. అందుకని తయారీదారులు రెండు పలచటి ఫైబర్ పొరల మధ్య బాల్సా అనే అతి తేలికైన చెక్క ముక్కలు పరిచారు. ఆ ఉపాయం బాగానే ఉంది. చిక్కల్లా తర్వాత వచ్చింది. కమ్మీల స్తంభాలు, కప్పీలు, తాళ్లు బిగించే కొక్కేలు, వీటన్నిటికీ డెక్‌లో చిల్లులు పొడిచి బోల్టులు వేశారు. ఇరవై ఏళ్లకు బోల్టు చుట్టూ ఉన్న సీలెంట్ ఎండి పగులుతుంది. నీటి బొట్టు బోల్టు వెంట దిగి బాల్సాను చేరుతుంది. లోపల గదిలోకి ఒక్క చుక్కా కారదు, అందుకే యజమానికి అనుమానం రాదు. మధ్యలో చెక్క మాత్రం మెల్లగా గుజ్జవుతుంది.

దీన్ని కనిపెట్టే పనిముట్టు చిన్న ప్లాస్టిక్ సుత్తి. కొబ్బరికాయ బాగుందో లేదో తట్టి చూసినట్టే డెక్ అంతా తట్టుకుంటూ పోతారు. మంచి చోట టంగుమని గట్టి శబ్దం వస్తుంది. కుళ్లిన చోట బుద్‌మంటుంది. ఆ హద్దులు పెన్సిలుతో గీస్తూ పోతే కొన్ని పడవల డెక్ మీద దేశపటాలు తయారవుతాయి.

కుళ్లు చాలా దూరం పాకితే పై పొరను పలకలా కోసి లేపాలి. గుజ్జును గీకేసి, ఆరబెట్టి, కొత్త చెక్క అతికించి, పై పొరను తిరిగి బిగించాలి. ముందే మేలుకున్న వాళ్లకు చౌక పద్ధతి ఉంది. ప్రతి బోల్టునూ ఊడదీసి, ఆ చిల్లును అవసరానికి మించి పెద్దది చేసి, ఎపాక్సీతో నింపుతారు. అది గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్లీ బోల్టుకు సరిపడా చిల్లు వేస్తారు. ఇకమీదట సీలెంట్ పగిలినా నీళ్లకు తగిలేది ఎపాక్సీయే, చెక్క కాదు. డెక్ మీద వందకు పైగా బోల్టులుండే పడవకు ఇది ఒక సీజన్‌కు సరిపడే పని.

నీటి మట్టానికి కింద

పడవ అడుగున తెలిసి తెలిసి పెట్టిన చిల్లులు కొన్ని ఉంటాయి. ఇంజన్‌ను చల్లార్చే నీళ్లు తీసుకోవడానికి ఒకటి, సింకు నీళ్లు పోవడానికి ఒకటి, టాయిలెట్‌కు రెండు. ఒక్కోదానికి సీకాక్ అనే వాల్వు ఉంటుంది. నీటి మట్టానికి రెండడుగుల కింద ఒకటిన్నర అంగుళం చిల్లు పూర్తిగా తెరుచుకుంటే నిమిషానికి 100 లీటర్లకు పైగా నీళ్లు దూసుకొస్తాయి. చేతి పంపు కొట్టే మనిషి ఆ వేగాన్ని ఎక్కువసేపు అందుకోలేడు.

ఆ వాల్వు కంచుతో చేసిందైతే దశాబ్దాలు ఆగుతుంది. చూడ్డానికి అలాగే ఉండే ఇత్తడిదైతే ఉప్పునీళ్లు అందులోని జింకును నెమ్మదిగా లాగేస్తాయి. మిగిలేది గుల్లబారిన రాగి. గీకి చూస్తే పసుపు రంగుకు బదులు గులాబీ రంగు మెరుస్తుంది. ఆకారం చెక్కుచెదరదు, బలం మాత్రం ఉండదు. ఓ రోజు పిడి తిప్పబోతే వాల్వే చేతిలోకి ఊడి వస్తుంది. అందుకే అనుభవమున్నవాళ్లు ప్రతి సీకాక్ పక్కనా దాని చిల్లుకు సరిపడే మెత్తటి చెక్క బిరడాను దారంతో కట్టి ఉంచుతారు.

ఉప్పునీళ్లలో రెండు వేరు లోహాలు కలిసి ఉంటే వాటి మధ్య విద్యుత్తు పారి, బలహీనమైనది కరిగిపోతుంది. ప్రొపెల్లర్‌ను కాపాడటానికి దాని ఇరుసుకు జింకు ముక్కను తగిలించేది అందుకే. కరగడమే దాని ఉద్యోగం. సగం కరిగాక మార్చేయాలి. ఏళ్లు గడిచినా జింకు కొత్తదానిలా మెరుస్తుంటే సంతోషించకూడదు, అది లోహానికి సరిగా తగలడం లేదని అర్థం.

కీల్‌ను పట్టి ఉంచే బోల్టులది మరీ గడ్డు సమస్య. చాలా పడవల్లో సీసంతోనో, పోత ఇనుముతోనో చేసిన టన్నుల బరువు కీల్‌ను పడవకు కింద నుంచి బోల్టులతో బిగిస్తారు. అది ఊడితే పడవ క్షణాల్లో బోర్లా పడుతుంది. 2014 మేలో చీకీ రఫీకీ అనే పడవ ఆంటిగ్వా నుంచి ఇంగ్లండ్ తిరిగొస్తూ అట్లాంటిక్‌లో కీల్ పోగొట్టుకుంది. అందులోని నలుగురూ చనిపోయారు. ఆ పడవ అంతకు ముందు కొన్నిసార్లు నేలకు తగిలింది, మరమ్మతులూ జరిగాయి. వాటివల్ల పడవ ఒంటికీ, లోపలి చట్రానికీ మధ్య అతుకు బలహీనపడి ఉండొచ్చని బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు విభాగం 2015 నివేదికలో అభిప్రాయపడింది. అది పాత పడవ కూడా కాదు, ఎనిమిదేళ్లది. ఇసుక తిన్నెకు తగిలితే పైకి గీత కూడా పడకపోవచ్చు. అయినా పడవను ఒడ్డుకెక్కించి కీల్ అతుకు వెంట లోపలా బయటా చూసుకోవాలని పడవలను పరీక్షించే సర్వేయర్లు పట్టుబట్టేది ఈ అనుభవం వల్లే.

మెరిసే ఉక్కు

మాస్ట్‌ను నిలబెట్టేవి స్టెయిన్‌లెస్ స్టీల్ తీగల తాళ్లు. స్టెయిన్‌లెస్‌కు తుప్పు పట్టదన్న నమ్మకం అందరిదీ. నిజానికి దాని మీద క్రోమియం ఆక్సైడ్ పొర ఒకటి ఉంటుంది, ఆ పొర బతకాలంటే ఆక్సిజన్ కావాలి. తీగలను పడవ ఒంటికి బిగించే చైన్‌ప్లేట్ అనే ఉక్కు పట్టీలు డెక్‌లో నుంచి కిందికి దిగుతాయి. డెక్‌లోని ఆ అంగుళం మందంలో ఉప్పునీళ్లు నిలిచి, గాలి తగలకపోతే పొర నశించి, లోహంలో సన్నటి పగుళ్లు పుడతాయి. పైనా కిందా పట్టీ అద్దంలా మెరుస్తూనే ఉంటుంది. దాన్ని ఊడదీసి చూస్తే తప్ప జబ్బు తెలియదు.

తీగ చివర బిగింపుల దగ్గర ఒక్క పోగు తెగినా ఆ తాడు పని అయిపోయినట్టే. టిష్యూ కాగితంతో తీగను తుడుస్తూ పోతే తెగిన పోగు దానికి పట్టుకుంటుంది. తెగకపోయినా పది నుంచి పదిహేనేళ్లకోసారి మొత్తం మార్చేయమన్నది వాడుకలో ఉన్న సలహా. చాలా బీమా కంపెనీలూ అదే అడుగుతాయి.

తెరచాప గుడ్డను చంపేది గాలి కన్నా ఎండ. పాలిస్టర్ గుడ్డ ఇంకా గట్టిగా ఉన్నప్పుడే దాన్ని కుట్టిన దారం ఎండకు పెళుసవుతుంది. కుట్టు మీద గోరుతో గీకితే దారం తెగిందంటే ఆ చాపను మళ్లీ కుట్టించాల్సిందే. అదే తుఫానులో తేలితే కుట్టుపనికి అవకాశం ఉండదు.

పాత పడవల మీద ఇప్పుడు ఓ పందెమే నడుస్తోంది. సుహైలీ గెలిచిన 1968 పందెం గోల్డెన్ గ్లోబ్ రేసే, 2018లో అది తిరిగి మొదలైంది. అందులో పాల్గొనాలంటే 1988కి ముందు రూపొందిన, 32 నుంచి 36 అడుగుల, పొడవాటి కీల్ ఉన్న పడవే కావాలి. ఉపగ్రహాల సాయంతో దారి చూసుకోవడం నిషిద్ధం. భారత నౌకాదళ అధికారి అభిలాష్ టామీ ఆ ఏడాది సుహైలీ నమూనాలో గోవాలో కట్టిన తురియా మీద వెళ్లాడు. సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను అతని మాస్ట్‌ను విరిచేసింది. వెన్నెముకకు దెబ్బ తగిలి కదల్లేని స్థితిలో ఉన్న అతన్ని ఫ్రెంచి ఓడ ఒసిరిస్ కాపాడింది. 2022లో బయానత్ అనే రస్ట్‌లర్ 36 పడవతో మళ్లీ బరిలో దిగాడు. గాలి వాటంతో చుక్కానిని తనంతట తానే తిప్పే యంత్రం దారిలో విరిగింది. పడవలోని టాయిలెట్ తలుపును కోసి కూడా దానికి విడిభాగాలు చేసుకున్నాడు. 2023 ఏప్రిల్ 29న రెండో స్థానంలో చేరాడు.

అదే పోటీలో ఫిన్లండ్ నావికుడు తాపియో లెహ్తినెన్ పడవ ఆస్తీరియా 1965 నాటిది. ఎంతో శ్రద్ధగా పునరుద్ధరించిన పడవ. అయినా 2022 నవంబరులో దక్షిణాఫ్రికాకు ఆగ్నేయంగా, వెనుక వైపు నుంచి నీళ్లు చొరబడి నిమిషాల్లోనే మునిగిపోయింది. లైఫ్ రాఫ్ట్‌లో తేలుతున్న అతన్ని తోటి పోటీదారు కిర్‌స్టెన్ నోయ్‌షేఫర్ మరునాడు వెతికి పట్టుకుంది. చివరికి ఆ రేసు గెలిచింది కూడా ఆమే.

ఇంజన్ గది

తెరచాప పడవకూ ఇంజన్ ఉంటుంది, రేవులోకి వచ్చేటప్పుడు, గాలి చచ్చినప్పుడు కావాలి. చాలా పాత అమెరికన్ పడవల్లో ఆటమిక్ ఫోర్ అనే పెట్రోలు ఇంజన్ ఉండేది. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. కారితే పడవ అడుగున పేరుకుని ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. స్టార్ట్ చేసే ముందు ఫ్యాన్ వేసి ఆ ఆవిరిని బయటికి తోలడం అందుకే తప్పనిసరి. తర్వాత వాటి స్థానంలో డీజిల్ ఇంజన్లు వచ్చాయి.

డీజిల్ ఇంజన్ మొండిది. శుభ్రమైన నూనె, శుభ్రమైన గాలి, చల్లటి నీళ్లు అందితే దశాబ్దాలు తిరుగుతుంది. నూనెలోకి నీళ్లు చేరడమే దాని ప్రధాన శత్రువు. సగం నిండిన ట్యాంకులో రాత్రి చలికి తేమ పట్టి అడుగుకు దిగుతుంది. నీళ్లకూ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిడ్డు పేరుకుంటుంది. పడవ రేవులో కదలకుండా ఉన్నన్నాళ్లు అది అడుగునే ఉంటుంది. అలలు ఎగిసిన రోజున చెదిరి పైకి లేచి ఫిల్టర్‌లో అడ్డుపడుతుంది. అంటే ఇంజన్ అత్యవసరమైన గంటలోనే ఆగిపోతుంది. ట్యాంకు అడుగు నుంచి ఓ సీసాలోకి నూనె తీసి వెలుతురులో చూడటం, ఫిల్టర్లు మార్చడం, ఉప్పునీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్‌ను ఏటా మార్చడం, ఈ మూడు అలవాట్లతో సగం బాధలు తప్పుతాయి.

పనిముట్టు లేకపోతే ఏం చేయాలో కూడా సుహైలీయే చూపించింది. బ్యాటరీలు చార్జి చేసే యంత్రంలో మాగ్నెటో ఖాళీని అంగుళంలో వెయ్యో వంతుల కొలతతో సరిచేయాల్సి వచ్చింది. కొలిచే గేజి పడవలో లేదు. నాక్స్-జాన్‌స్టన్ ఓ పుస్తకం తీసి, అంగుళానికి ఎన్ని కాగితాలు వస్తాయో లెక్కించి, కావలసిన మందానికి సరిపడా కాగితాలు ఆ ఖాళీలో పెట్టి బిగించాడు.

ఒడ్డున గడిచే కాలం

అడుగు పని ఏదైనా పడవను క్రేన్‌తో ఒడ్డుకెక్కించే చేయాలి. యార్డులో స్టాండ్ల మీద నిలబెట్టిన పడవకు రోజుకింత అద్దె. అందుకే అనుభవమున్న యజమాని నీళ్లలో చేయగల పనులు ముందే ముగించుకుని, సామాన్లు చేతిలో పెట్టుకుని, వాతావరణం చూసుకుని ఒడ్డుకెక్కుతాడు. ఏటా పడవ విలువలో పదో వంతు నిర్వహణకు పక్కన పెట్టమంటారు. పాత పడవలకు ఈ లెక్క సరిపోదు. పడవ చవగ్గా వచ్చినా దాని మాస్ట్‌కు పట్టే తీగ, ఇంజన్‌కు పట్టే భాగాలు కొత్త పడవ ధరకే దొరుకుతాయి.

ఒడ్డున ప్రతిసారీ తప్పని పని అడుగుకు రంగు. నాచు, గుల్లలు అంటుకోకుండా విషపూరితమైన పెయింట్ వేస్తారు. ఒకప్పుడు ట్రైబ్యూటైల్ టిన్ కలిపిన రంగు అద్భుతంగా పనిచేసేది. ఫ్రాన్స్‌లోని అర్కషోన్ అఖాతంలో ఆయిస్టర్ల పెంపకం దానివల్ల దెబ్బతింది. గుల్లలు వంకరపోయాయి, పిల్లలు బతకలేదు. చిన్న పడవలకు ఆ రంగు వేయడాన్ని ఫ్రాన్స్ 1982లో నిషేధించింది. 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమల్లోకి వచ్చి ఓడలకూ దాన్ని ఆపింది. ఇప్పుడు ఎక్కువగా వాడేది రాగి కలిపిన రంగు. దాన్ని పొడిగా గీకితే ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లు చల్లుకుంటూ, మాస్కు పెట్టుకుని గీకాలి.

తారిణి

పడవను సొంతంగా బాగుచేసుకునే ఈ విద్యను భారత నౌకాదళం పద్ధతిగా నేర్పుతోంది. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ఐఎన్ఎస్‌వీ తారిణి మీద ఆరుగురు మహిళా అధికారులు బయల్దేరారు. వర్తికా జోషి కెప్టెన్. సిబ్బందిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. అంతకు ముందు వాళ్లు మ్హాదేయి అనే పాత పడవ మీద శిక్షణ పొందారు. అదీ గోవాలో కట్టిందే. తెరచాపలు కుట్టడం, ఇంజన్ విప్పడం కూడా చేతులతో నేర్చుకోవాల్సిందే, ఎందుకంటే పసిఫిక్ మధ్యలో మెకానిక్ దొరకడు.

ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్ టౌన్‌లలో ఆగాలన్నది ముందస్తు ప్రణాళిక. తిరుగు దారిలో చుక్కాని యంత్రాంగం మొరాయించడంతో మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో కూడా ఆగి బాగుచేయించుకున్నారు. 2018 మే 21న గోవా చేరారు. అదే తారిణి 2024 అక్టోబర్‌లో మళ్లీ బయల్దేరింది. ఈసారి దిల్నా, రూప అనే ఇద్దరు అధికారులే దాన్ని 2025 మే నాటికి లోకం చుట్టించి తెచ్చారు.

కొనబోయేవాళ్లకు

పాత పడవ కొనాలనుకునే వాళ్లకు యార్డుల్లో వినిపించే మొదటి సలహా, సొంత సర్వేయర్‌ను పెట్టుకోమని. అమ్మేవాడు చూపించిన పాత నివేదికను నమ్మొద్దు. సర్వేయర్ పడవను ఒడ్డున చూడాలి, నీళ్లలో చూడాలి, వీలైతే మాస్ట్ దించి చూడాలి. సోఫాల కింద, అలమరాల వెనక, ఇంజన్ కింద చేయి పెట్టి తడిమి చూడని సర్వేకు డబ్బు దండగ.

నివేదిక వచ్చాక పని మూడు జాబితాలుగా విడిపోతుంది. సీకాక్‌లు, కీల్ బోల్టులు, చుక్కాని, గ్యాస్ పైపులు, చైన్‌ప్లేట్లు మొదటి జాబితా. ఇవి తేలకుండా పడవ రేవు దాటకూడదు. ఇంజన్, బ్యాటరీలు, తెరచాపలు, తడిసిన డెక్ రెండోది. ఇవి చెడితే ప్రయాణం ఆగుతుంది గానీ పడవ తేలుతూనే ఉంటుంది, కాబట్టి ఒకట్రెండు సీజన్లలో పంచుకోవచ్చు. కుషన్ల గుడ్డ, చెక్కకు వార్నిష్, కొత్త స్టవ్వు మూడో జాబితాలోకి పోతాయి. ఇంట్లోవాళ్లు మొదట అడిగేవి మాత్రం అవే.